లాంగ్ ట్రిప్‌లో చివరి రెండు వారాలు: ఇంకో మూడు ఊళ్ళు కలుపుకోవాలా, ఒకచోట ఆగిపోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఉద్యోగం మానేసి ఆగస్టులో వియత్నాంలో మొదలుపెట్టారు. కంబోడియా మీదుగా డిసెంబర్ 9న లావోస్‌లోకి వచ్చారు. ఇవాళ 28, లుయాంగ్ ప్రబాంగ్‌లో ఉన్నారు. జనవరి 11 అర్ధరాత్రి 12:25కి బ్యాంకాక్‌లో హైదరాబాద్ ఫ్లైట్. భోగికల్లా రాజమండ్రిలో ఇంట్లో ఉండాలి. చేతిలో ఇంకా 45 వేల రూపాయలు ఉన్నాయి. ఈలోగా థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్, పాయ్, కో తావ్ దీవి మూడూ చుట్టేయాలని ప్లాన్. కానీ "నెల రోజులుగా గుడి చూసినా జలపాతం చూసినా ఏమీ అనిపించట్లేదు, అలాగని ఇంటికెళ్ళాలనీ లేదు" అని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. ఆ మూడింటిలో ఒక్కటి కూడా వద్దు. లుయాంగ్ ప్రబాంగ్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊరు చూసుకుని ఐదు రాత్రులు అక్కడే ఉండండి. తర్వాత వియంటియాన్ మీదుగా రాత్రి రైల్లో బ్యాంకాక్ వెళ్ళిపోండి. ఫ్లైట్‌కి ముందు నాలుగు రాత్రులు బ్యాంకాక్‌లోనే గడపండి. కొత్త దేశం, కొత్త దీవి, కొత్త ట్రెక్ ఏదీ తగిలించుకోవద్దు.

ఇది పిరికి సలహాలా అనిపించవచ్చు. "మళ్ళీ ఎప్పుడొస్తానో, ఇంత దూరం వచ్చి చియాంగ్ మాయ్ చూడకుండానా" అని మీ మనసు పీకుతూ ఉంటుంది. అందుకే కారణాలు చెప్తాను.

ముందు దూరాల లెక్క. లుయాంగ్ ప్రబాంగ్ నుంచి చియాంగ్ మాయ్‌కి బస్సంటే పద్దెనిమిది గంటల పైమాటే, అదీ కొండదారి. స్లో బోట్‌లో వెళ్తే పాక్ బెంగ్‌లో ఒక రాత్రి ఆగుతూ హువే సాయ్‌కి రెండు రోజులు. అక్కడ సరిహద్దు దాటి చియాంగ్ మాయ్ చేరేసరికి మూడో రోజు. చియాంగ్ మాయ్ నుంచి పాయ్ దారిలో 762 మలుపులని అక్కడివాళ్ళు టీషర్టుల మీద అచ్చేసి మరీ అమ్ముతారు. మూడు గంటల దారే కానీ దిగాక సగం రోజు కడుపులో తిప్పుతూనే ఉంటుంది. వెనక్కి వచ్చి బ్యాంకాక్‌కి ఒక రాత్రి రైలు. అక్కడి నుంచి చుంఫోన్‌కి మళ్ళీ రైలో బస్సో, ఆపైన కో తావ్‌కి పడవ, తిరిగి అదే దారి. మొత్తం కలిపి చూడండి, మీకున్న పదమూడు రోజుల్లో సగం బస్సుల్లో, పడవల్లో, వాటికోసం ఎదురుచూడటంలోనే పోతాయి. డబ్బూ వాటికే పోతుంది.

పైగా మీరు వెళ్ళేది కొత్త సంవత్సరం రోజుల్లో. థాయ్‌లాండ్‌లో డిసెంబర్ చివర బ్యాంకాక్ జనమంతా సొంతూళ్ళకి బయల్దేరుతారు, జనవరి 2, 3, 4 తేదీల్లో మళ్ళీ బ్యాంకాక్‌కి వచ్చేస్తారు. మన సంక్రాంతి రద్దీ లాంటిదే. రోడ్డు ప్రమాదాలు ఎంత ఎక్కువంటే అక్కడి ప్రభుత్వం ఏటా ఆ వారాన్ని 'ఏడు ప్రమాదకర దినాలు' అని లెక్కగట్టి ప్రచారం చేస్తుంది. చియాంగ్ మాయ్, పాయ్ హాస్టళ్ళు ఆ వారంలో రేట్లు బాగా పెంచేస్తాయి. రైల్లో స్లీపర్ బెర్తులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి.

కో తావ్ గురించి ఇంకొక్క మాట. మీరు అక్కడికి స్కూబా డైవింగ్ కోర్సు కోసం వెళ్దామనుకుంటున్నారు. డిసెంబర్‌లో, జనవరి మొదట్లో థాయ్‌లాండ్ గల్ఫ్ వైపు సముద్రం ఈశాన్య రుతుపవనాల వల్ల అల్లకల్లోలంగా ఉంటుంది. అలలు ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. దీవిలో ఇరుక్కుంటే ఫ్లైట్ పోయినట్టే. డైవింగ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదన్న నియమం కూడా ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. చాలామంది బోధకులు 24 గంటలు ఆగమనే చెప్తారు. రక్తంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోకముందే పైకి ఎగిరితే అది బుడగలు కడుతుంది. దీన్ని చివరి వారంలో పెట్టుకోవద్దు. మొదటి వారంలో పెట్టుకోవాల్సిన పని అది.

ఇక అసలు విషయం. "ఏమీ అనిపించట్లేదు" అన్నారు కదా, దానికి మందు ఇంకో అందమైన చోటు కాదు. నాలుగైదు నెలల ప్రయాణాల్లో ఉన్నవాళ్ళని చాలామందిని చూశాను, నేనూ అలాంటి ప్రయాణాలు చేశాను. మూడో నెల దాటాక దాదాపు అందరికీ ఇది వస్తుంది. రోజూ ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, బస్సు ఎక్కడ దొరుకుతుంది, ఆటోవాడు ఎంత అడిగాడు, ఎంత ఇవ్వాలి... పొద్దున లేచింది మొదలు తీసుకోవాల్సిన నిర్ణయాలే. బుర్ర అలసిపోతుంది. అలసిపోయిన బుర్రకి కువాంగ్ సీ జలపాతమైనా పంచాయతీ కుళాయైనా ఒకటే. ఒకేచోట నాలుగు రోజులుండి, అదే కొట్లో టిఫిన్ తిని, అదే రోడ్డు మీద నడిస్తే ఆ నిర్ణయాల భారం తగ్గుతుంది. మూడో రోజుకి నూడుల్స్ అమ్మే ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టి, అడక్కుండానే గిన్నె తెచ్చి పెడుతుంది. చుట్టూ ఉన్నది మళ్ళీ కనబడటం అప్పుడే మొదలవుతుంది.

ఒక సంగతి. కాకినాడ అమ్మాయి ఒకామె, ఆరు నెలల ప్రయాణం చివర్లో, "లిస్టులో ఇంకా నాలుగున్నాయి" అని పది రోజుల్లో నాలుగు ఊళ్ళు తిరిగింది. తర్వాత ఒకసారి హైదరాబాద్‌లో కలిసినప్పుడు ఆ నాలుగింటి గురించి అడిగితే ఒకదాని పేరు కూడా వెంటనే గుర్తు రాలేదు. వియత్నాంలోని హోయ్ ఆన్‌లో జ్వరంతో కదలకుండా పడుకున్న వారం గురించి మాత్రం గంట సేపు చెప్పింది. ఇంటావిడ గంజి ఎలా కాచి పెట్టిందో, కిటికీలోంచి ఏం కనబడేదో, అన్నీ.

సరే, ఎక్కడ ఆగాలి? నన్నడిగితే నాంగ్ ఖియావ్. లుయాంగ్ ప్రబాంగ్ నుంచి మినీవ్యాన్‌లో మూడు నాలుగు గంటలు, రోడ్డు గతుకులు. నామ్ ఊ నది ఒడ్డున, రెండువైపులా సున్నపురాయి కొండల మధ్య చిన్న ఊరు. పెద్దగా చూడాల్సినవి లేవు, మీక్కావలసింది కూడా అదే. ఓపిక ఉన్న రోజు పొద్దున్నే ఫా డేంగ్ వ్యూ పాయింట్ ఎక్కండి, కింద పొగమంచు పరుచుకుని ఉంటుంది. ఇంకా నిశ్శబ్దం కావాలంటే అక్కడి నుంచి పడవలో గంట దూరంలో ముయాంగ్ ఙోయ్ ఉంది. ఈ నెలల్లో రాత్రిళ్ళు చలి గట్టిగానే ఉంటుంది. వెదురు గుడిసె చవక కదా అని తీసుకోకండి, రగ్గులు సరిపడా ఉన్నాయో లేదో చూసి దిగండి.

కొండలు విసుగొచ్చాయనుకుంటే రెండో ఎంపిక నాంగ్ ఖాయ్. వియంటియాన్‌కి ఎదురుగా, మెకాంగ్ అవతలి ఒడ్డున ఉన్న థాయ్ ఊరు. సాయంత్రం నది గట్టున నడక, సైకిల్ మీద సాలా కేవ్ కూ శిల్పాల తోటకి ఒక పూట. అందులో పెద్ద పెద్ద సిమెంటు బుద్ధులు, ఏడు తలల పాము, హిందూ దేవతలు అన్నీ కలిసి ఉంటాయి. వాటిని కట్టించిన బున్‌లియువా సులిలాత్ అనే ఆయన అంతకుముందు 1958లో వియంటియాన్ పక్కన బుద్ధ పార్కు మొదలుపెట్టాడు. 1975లో లావోస్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక నది దాటి ఇటు వచ్చేసి, ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకే మనిషి చేయి నదికి రెండు ఒడ్డుల మీదా కనబడుతుంది. నాకు ఆ రెండు చోట్లూ చూడటం ఇష్టం. కానీ రెండూ చూడాలని నియమమేం లేదు, మళ్ళీ లిస్టు పెట్టకండి.

మీ తేదీలతో నేనైతే ఇలా వేసుకుంటాను. 29న నాంగ్ ఖియావ్. ఐదు రాత్రులు, అంటే కొత్త సంవత్సరం కూడా అక్కడే. జనవరి 3న లుయాంగ్ ప్రబాంగ్‌కి వెనక్కి, ఒక రాత్రి. 4న రైల్లో వియంటియాన్, ఒక రాత్రి. 5 సాయంత్రం బ్యాంకాక్ రైలు, 6 పొద్దున బ్యాంకాక్. 6, 7, 8, 9 రాత్రులు అక్కడ. 10 రాత్రి ఎయిర్‌పోర్ట్. థాయ్ జనం తిరిగొచ్చే రద్దీ కూడా 5 నాటికి తగ్గుతుంది.

లావోస్ వీసా కూడా ఈ ప్లాన్‌కి సరిపోతుంది. డిసెంబర్ 9న 30 రోజుల వీసా మీద వచ్చారంటే జనవరి 7 ఆఖరు. పాస్‌పోర్ట్‌లో ముద్ర పక్కన చేత్తో రాసిన తేదీ ఏముందో ఇవాళే చూసుకోండి. నా లెక్క కన్నా ఆ తేదీదే చివరి మాట.

రైళ్ళ గురించి కొన్ని సంగతులు, ఎందుకంటే ఇక్కడే చాలామంది తడబడతారు. 2021 డిసెంబర్‌లో మొదలైన లావోస్-చైనా రైలు వల్ల లుయాంగ్ ప్రబాంగ్ నుంచి వియంటియాన్‌కి రెండు గంటలే. అంతకుముందు ఇదే దూరం బస్సులో రోజంతా పట్టేది. స్టేషన్ ఊరికి దూరం, వ్యాన్ టైము కూడా కలుపుకోండి. పాస్‌పోర్ట్ చూపించనిదే టికెట్ లేదు. లోపలికి వెళ్ళేటప్పుడు సామాను స్కాన్ చేసి కత్తులు, కత్తెరలు, స్ప్రే డబ్బాలు తీసేసుకుంటారు. దోమల స్ప్రే, డియోడరెంట్ ఉంటే ముందే ఎవరికైనా ఇచ్చేయండి. కొత్త సంవత్సరం వారంలో టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి అమ్మకం తెరవగానే కొనేయండి.

వియంటియాన్‌లో రెండు స్టేషన్లున్నాయి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చైనా రైలు దిగేది ఒకటి, బ్యాంకాక్ రైలు ఎక్కేది ఇంకొకటి. రెండోదాని పేరు ఖంసవాత్. 2024 జూలై నుంచి అక్కడి నుంచి బ్యాంకాక్‌కి నేరుగా రాత్రి రైలు ఉంది. సాయంత్రం బయల్దేరి, నాంగ్ ఖాయ్‌లో అందరినీ దింపి థాయ్ ముద్ర వేయించి, తెల్లారి బ్యాంకాక్‌లో క్రుంగ్ థేప్ అఫివత్ అనే కొత్త స్టేషన్‌కి చేరుస్తుంది. మీ దగ్గరున్న పాత గైడ్‌బుక్‌లో హువా లాంఫోంగ్ అని ఉంటే పట్టించుకోకండి. 2023 జనవరి నుంచి దూరప్రాంత రైళ్ళలో చాలావరకు కొత్త స్టేషన్‌కి మారిపోయాయి.

థాయ్‌లాండ్‌లోకి వెళ్ళే ముందు మూడు రోజుల్లోగా డిజిటల్ అరైవల్ కార్డు, అంటే మీ రాక వివరాల ఫారం, ఆన్‌లైన్‌లో నింపాలి. 2025 మే 1 నుంచి తప్పనిసరి. విమానంలో వచ్చినా, రైల్లో వచ్చినా, నడిచి వచ్చినా ఒకటే. ఇది ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్లు గూగుల్‌లో ముందు వరసలో కనబడతాయి, వాటి జోలికి వెళ్ళకండి. థాయ్ ముద్ర మీద ఎప్పటిదాకా ఉండొచ్చో తేదీ ఉంటుంది, కౌంటర్ దగ్గరే చదువుకోండి. ఒక్కరోజు దాటినా రోజుకి 500 బాట్ల జరిమానా, గరిష్ఠంగా 20 వేల బాట్లు. మీరు ఉండేది ఐదు రోజులే కాబట్టి సమస్య రాకూడదు. కానీ వీసా నియమాలు ఈమధ్య తరచూ మారుతున్నాయి. బయల్దేరే ముందు రాయబార కార్యాలయం పేజీ ఒకసారి చూడండి, యూట్యూబ్ వీడియోని నమ్మకండి.

డబ్బు. లావోస్ కిప్‌ని లావోస్‌లోనే వదిలించుకోండి. సరిహద్దు దాటితే దానికి దాదాపు విలువ లేదు, హైదరాబాద్‌లో ఏ మనీ ఛేంజర్ తీసుకోడు. వియంటియాన్‌లో ఆఖరి రోజు మిగిలిన కిప్‌ని బాట్లలోకి మార్చేసుకోండి, రైలు ఎక్కేముందు తిండికి కాస్త ఉంచుకోండి. మీ దగ్గర వియత్నాం డాంగ్ ఇంకా మిగిలి ఉందన్నారు. అది అటు వెళ్ళేవాళ్ళెవరైనా హాస్టల్లో దొరికితే వాళ్ళకి ఇచ్చేసి బదులు కిప్ తీసుకోవడమే మేలు. థాయ్‌లాండ్‌లో మన కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాట్లకు పైనే చార్జీ వేస్తుంది. కాబట్టి కొంచెం కొంచెంగా తీయకండి, ఐదు రోజులకి ఎంత కావాలో లెక్కేసి ఒకేసారి తీయండి. "మీ దేశపు కరెన్సీలో చూపించమంటారా" అని మెషీన్ అడిగితే వద్దనండి. దాని రేటు ఎప్పుడూ మీకు నష్టమే.

45 వేలు ఈ ప్లాన్‌కి ధారాళంగా సరిపోతాయి, మిగులుతాయి కూడా. అందులోంచి ఒక పదివేలు ఇప్పుడే పక్కన పెట్టి లేవనుకోండి. ఫ్లైట్ మిస్సయినా, పన్ను నొప్పి వచ్చినా, హైదరాబాద్‌లో బస్సు దొరక్క ఇంకో దారి చూసుకోవాల్సి వచ్చినా అవి పనికొస్తాయి.

ఇప్పుడు ఫ్లైట్ తేదీ. మీ టికెట్ 11వ తేదీ 00:25 అని ఉంది. అంటే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాల్సింది 10వ తేదీ రాత్రి. ఇది చిన్నపిల్లలకి చెప్పినట్టుగా ఉంటుందని తెలుసు. కానీ బ్యాంకాక్ నుంచి మన వైపు ఫ్లైట్లు చాలావరకు ఈ టైముల్లోనే ఉంటాయి, ఈ పొరపాటు చేసేవాళ్ళూ చాలామందే ఉన్నారు. నా పాత రూమ్మేట్ ఒకతను 'పదకొండో తారీఖు రాత్రి' అని ఫోన్‌లో అలారం పెట్టుకుని, పదకొండు మధ్యాహ్నం తీరిగ్గా మసాజ్ చేయించుకుంటుంటే ఇంటి నుంచి "ఎయిర్‌పోర్టులో దిగావా?" అని ఫోనొచ్చింది. కొత్త టికెట్‌కి పాతదానికన్నా రెట్టింపు పడింది. ఇవాళే ఫోన్ క్యాలెండర్‌లో '10 రాత్రి 8 గంటలకి ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరాలి' అని రాసుకోండి.

రెండోది, ఏ ఎయిర్‌పోర్ట్? బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ మువాంగ్ రెండున్నాయి. ఊరికి చెరో మూల. మీ టికెట్‌లో బీకేకే అని ఉంటే సువర్ణభూమి, డీఎంకే అని ఉంటే డాన్ మువాంగ్. సువర్ణభూమికి ఫాయా థాయ్ నుంచి ఎయిర్‌పోర్ట్ రైలు ఉంది, అరగంట ప్రయాణం, ట్రాఫిక్ గొడవ లేదు. డాన్ మువాంగ్‌కి క్రుంగ్ థేప్ అఫివత్ నుంచి రెడ్ లైన్. శనివారం సాయంత్రం ట్యాక్సీలో వెళ్దామనుకుంటే గంటన్నర చేతిలో పెట్టుకోవాలి.

లగేజీ కూడా ఇప్పుడే తేల్చుకోండి. చవక టికెట్లలో చాలావాటికి 7 కిలోల చేతిసంచి మాత్రమే ఇస్తారు. ఐదు నెలల తర్వాత మీ బ్యాక్‌ప్యాక్ 7 కిలోలు ఉండదు. ఆన్‌లైన్‌లో ముందే బ్యాగేజీ కొంటే చవక, కౌంటర్ దగ్గర తూకం వేశాక కొంటే వాచిపోతుంది. చిరిగిన టీషర్టులు, అరిగిన చెప్పులు మోసుకెళ్ళకండి. హాస్టళ్ళలో 'తీసుకోండి' అని ఒక పెట్టె ఉంటుంది, బాగున్నవి అందులో పడేయండి.

బ్యాంకాక్‌లో నాలుగు రోజులు ఎందుకంటారా? మొదటి రోజు బట్టలు ఉతికించడానికి, నిద్రకి. నిజంగా అంతే. రెండో రోజు పనులు: ఫోటోలు రెండుచోట్ల దాచుకోవడం, కలిసిన మనుషుల పేర్లు, ఊళ్ళు, తిన్న కొట్లు నోట్‌బుక్‌లో రాసుకోవడం. ఇది ఇంటికెళ్ళాక రాద్దామనుకుంటారు, సంక్రాంతి హడావిడిలో పడ్డాక ఎవరూ రాయరు. మూడో రోజు ఇంటికి కొనాల్సినవి. వారాంతం అయితే చతుచక్ బజారు. లేకపోతే ఫాహురాత్, అది అక్కడి బట్టల బజారు, సిక్కుల గురుద్వారా చుట్టూ ఉంటుంది. ఐదు నెలల తర్వాత పప్పూ అన్నం తినాలని ప్రాణం కొట్టుకుంటుంటే కూడా అక్కడికే వెళ్ళండి. నాలుగో రోజు ఏమీ పెట్టుకోకండి. చావో ఫ్రాయా నదిలో పడవ ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి రండి. లేదా లుంఫినీ పార్కులో కూర్చోండి, మనిషంత పొడవున్న ఉడుములు మీ పక్కనుంచే నడిచి వెళ్తుంటాయి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. బుద్ధ విగ్రహాలు థాయ్‌లాండ్ నుంచి బయటికి తీసుకెళ్ళాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి, మెడలో వేసుకునే చిన్న తాయెత్తులకి పర్వాలేదు. ఈ-సిగరెట్లు అసలు కొనకండి, 2019 చట్టం ప్రకారం మన దేశంలోకి తేవడమే నేరం.

అంతకన్నా పెద్దది: ఎవరి సంచీ, ఎవరి ప్యాకెట్టూ మోయకండి. థాయ్‌లాండ్ 2022లో గంజాయిని మత్తుమందుల జాబితాలోంచి తీసేసింది. 2025లో మళ్ళీ బిగించి డాక్టరు చీటీ ఉండాలంది. అయినా కొట్లు కళ్ళముందే ఉంటాయి, బిస్కెట్లు, గమ్మీల రూపంలో కూడా అమ్ముతారు. మన దేశంలో మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టానికి ఆ తేడాలేవీ పట్టవు. బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల దగ్గర హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్ళలో పెంచిన) గంజాయి పట్టుకున్న వార్తలు శంషాబాద్ నుంచి తరచూ వస్తూనే ఉన్నాయి, కాబట్టి ఆ ఫ్లైట్ల మీద కస్టమ్స్ వాళ్ళ కన్ను ఉంటుంది. "మా చెల్లికి చాక్లెట్లు, హైదరాబాద్‌లో తీసుకుంటుంది" అని హాస్టల్లో తెలుగువాడే అడిగినా కుదరదని చెప్పేయండి. మొహమాటపడే చోటు కాదిది.

ఒళ్ళు జాగ్రత్త. చివరి వారంలో స్కూటర్ అద్దెకి తీసుకోవద్దని నా సలహా. ఇన్నాళ్ళూ నడిపాను కదా అన్న ధైర్యం అప్పుడే ఎక్కువగా ఉంటుంది, బ్యాంకాక్ హాస్టళ్ళలో మోకాలికి కట్లతో కనబడేవాళ్ళలో చాలామంది అలాంటివాళ్ళే. ఇన్సూరెన్స్ పాలసీ ఏ తేదీతో అయిపోతుందో చూడండి. డిసెంబర్ 31తో అయిపోతుంటే గడువు దాటకముందే పొడిగించుకోవాలి, దాటాక చాలా కంపెనీలు ఒప్పుకోవు.

కుక్కో కోతో కరిస్తే, గీరినా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు టీకా వేయించుకోండి, ఇంటికెళ్ళాక చూద్దామనుకోకండి. బ్యాంకాక్‌లో అయితే థాయ్ రెడ్ క్రాస్ వాళ్ళ క్వీన్ సావోభా సంస్థ దీనికి పేరున్న చోటు. చర్మంలోకి తక్కువ మోతాదులో వేసే రేబిస్ టీకా పద్ధతికి థాయ్ రెడ్ క్రాస్ పేరే ఉంది, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఆ పద్ధతే వాడతారు. అందుకని అక్కడ మొదలుపెట్టి మిగతా డోసులు రాజమండ్రిలో వేయించుకోవచ్చు. చీటీ మాత్రం భద్రం.

ఇంటికొచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే డెంగీ అనుమానించాలి. మలేరియా అయితే నెల తర్వాత కూడా బయటపడొచ్చు. డాక్టర్‌కి మొదటి మాటగా "లావోస్, కంబోడియా నుంచి వచ్చాను" అని చెప్పండి. రక్తపరీక్ష అయ్యేదాకా పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోకండి. మలేరియా మాత్రలు డాక్సీసైక్లిన్ వాడుతున్నానన్నారు కదా, ఆ ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. ఇంటికొచ్చేశాం కదా అని ఆపేసేవాళ్ళే ఎక్కువ.

ఇంటికి వెళ్ళాలని లేదన్నదాని గురించి. అది మీ ఇంటి మీద కోపం కాదు, ప్రయాణం మీద ప్రేమా కాకపోవచ్చు. వెళ్ళాక ఏం చేయాలో తెలియకపోవడం వల్ల వచ్చే టెన్షన్. దాన్ని ప్రయాణంలో ఉండగానే కొంచెం తేల్చుకోవచ్చు. నాంగ్ ఖియావ్‌లో ఒక పూట కూర్చుని ఫిబ్రవరి నెలకి మాత్రం ప్లాన్ రాయండి. ఉద్యోగం వెతకడం ఎప్పుడు మొదలుపెడతారు, అంతవరకూ ఖర్చులెలా, ఎక్కడ ఉంటారు. ఏడాదికి అక్కర్లేదు, ఒక్క నెలకే. పండగకి వచ్చిన బంధువులు అడిగేవి కూడా ముందే ఊహించుకోండి. "ఎంతయింది?", "మరి ఉద్యోగం?", "పెళ్ళి సంగతి?" అనే మూడు ప్రశ్నలు ఖాయం. మీ ప్రయాణం గురించి నిజంగా వినేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళ కోసం దాచుకోండి. మిగతావాళ్ళకి ఫోన్‌లో పది ఫోటోలు విడిగా పెట్టుకుంటే చాలు. పదకొండో ఫోటోకి అరిసెలు వచ్చేస్తాయి, అందరూ లేచిపోతారు.

చివరగా, మీరు అస్సలు రాయనిది, నాకు అన్నిటికన్నా భయంగా ఉన్నది: హైదరాబాద్ నుంచి రాజమండ్రి. మీరు శంషాబాద్‌లో దిగేది 11 తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో. సరిగ్గా సంక్రాంతికి ఊళ్ళకెళ్ళే జనం బయల్దేరే రోజులవి. రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి గోదావరి, గౌతమి ఈపాటికి వెయిటింగ్ లిస్టే అయి ఉంటాయి. ప్రైవేటు బస్సుల రేట్లు ఆ వారం ఎలా ఉంటాయో మీకు తెలుసు. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల వరస టీవీలో చూపిస్తారు కదా, ఆ రోజుల్లోనే.

అందుకని ఇవాళ సాయంత్రమే ఒక పని చేయండి. 11కి, 12కి ఆర్టీసీ స్పెషల్ బస్సులు చూసి, దొరికిన సీటు బుక్ చేయండి. 11 పొద్దున్నే బస్సు వద్దు, ఫ్లైట్ ఆలస్యమైతే అదీ పోతుంది. మధ్యాహ్నం తర్వాతది చూడండి. ఎయిర్‌పోర్ట్ నుంచి పుష్పక్ బస్సులు రాత్రంతా నడుస్తాయి, ఎల్బీ నగర్ వైపు వెళ్ళేది ఉందేమో చూసుకోండి. విజయవాడ రోడ్డు బస్సులు అక్కడ ఆగుతాయి. ఏదీ దొరక్కపోతే తత్కాల్ ప్రయత్నించమని ఇంట్లోవాళ్ళకి ఇప్పుడే చెప్పి ఉంచండి. లావోస్ హాస్టల్ వైఫైతో తత్కాల్ టైముకి మీరు పోటీపడలేరు.

మీ టికెట్‌లో బీకేకేనా డీఎంకేనా, లావోస్ ముద్ర మీద ఏ తేదీ ఉందో కింద రాయండి. ఎయిర్‌పోర్ట్‌ని బట్టి ఆఖరి రాత్రి దారి మారుతుంది, ముద్ర మీద తేదీ నా లెక్కకి తేడాగా ఉంటే పై తేదీలు మార్చాల్సి రావచ్చు.